దోన్యా ఎర్మెలిందా శిష్యురాలు

హామిల్టన్‌కు వచ్చిన కొత్తలో మనస్వినిని అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది చలి కాదు, మాట్లాడే మనిషి లేకపోవడం. జగిత్యాలలో వాళ్ళింట్లో పొద్దున లేస్తే ఒకరు మాట్లాడుతుండగానే ఇద్దరు అందుకునేవారు. ఎవరి మాట ఎవరు వింటున్నారో దేవుడికే తెలియాలి. ఇక్కడ యూనివర్సిటీలో క్లాసు అయిపోగానే ఎవరి కారు వాళ్ళెక్కి చక్కా పోయేవారు. 2008 జూలై అది. మన దగ్గర వానలు పడే కాలం, అక్కడ న్యూజిలాండ్‌లో నడి చలికాలం. వైకాటో నది మీంచి లేచిన పొగమంచు వీధుల్లోకి వచ్చి కూర్చుంటే మధ్యాహ్నం దాకా కదిలేది కాదు. మనస్విని కూడా అంతే. గదిలో కూర్చుందంటే కదిలేది కాదు.

ఆ గది సరోజిని ఆంటీది. ఆవిడది తెనాలి. హామిల్టన్ ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. పిల్లలు ఆక్లాండ్‌లో చదువుకుంటున్నారు కనుక ఖాళీగా ఉన్న గదిని ఈ అమ్మాయికి అద్దెకిచ్చింది. అద్దెతో పాటు మంచీ చెడూ చెప్పే హక్కు కూడా వస్తుందని ఆవిడ నమ్మకం.

"అమ్మాయ్, పొదిగే కోడిలా అట్లా ఎన్నాళ్ళు కూర్చుంటావే? ఇక్కడ వాలంటీరింగ్ అని ఉంటుంది. నలుగురికీ సాయపడ్డట్టూ ఉంటుంది, రేపు ఉద్యోగానికి వెళ్ళినప్పుడు చెప్పుకోడానికీ ఉంటుంది. మా హాస్పిటల్ పక్కనే శరణార్థులకి సాయం చేసేవాళ్ళ ఆఫీసుంది. రేపు డ్రాప్ చేస్తా, వెళ్ళిరా."

"నాకే ఇక్కడ ఏం తెల్వది ఆంటీ. నేను ఒకళ్ళకు ఏం సాయం చేస్త?"

"తెలిసినవాళ్ళు తీరిగ్గా ఉండరే. తీరిగ్గా ఉన్నది నువ్వే."

ఆ ఆఫీసులో గ్లెనిస్ అనే పెద్దావిడ ఉంది. పొట్టి జుట్టు, చేత్తో అల్లిన స్వెటరు, ఎప్పుడూ చల్లారిపోయిన టీ. ఆవిడ మనస్వినిని ఎదురుగా కూర్చోబెట్టుకుని నీకేయే భాషలు వచ్చునని అడిగింది. తెలుగు, హిందీ, కొంచెం ఉర్దూ, ఇంగ్లిషు అని చెప్పింది మనస్విని.

"నా దగ్గర ఇప్పుడున్నది కొలంబియా నుంచి వచ్చిన కుటుంబం. తల్లీ కూతురూ. కూతురు పనికి వెళ్తుంది. తల్లి గుమ్మం దాటడం లేదు. ఇంగ్లిషు క్లాసుకు రమ్మంటే రానంటోంది. వారానికి రెండుసార్లు వెళ్ళి ఆవిడతో మాట్లాడాలి, బస్సెక్కడం నేర్పాలి, దుకాణానికి తీసుకెళ్ళాలి. వాళ్ళు మాట్లాడేది స్పానిష్."

"కానీ నాకు స్పానిష్ రాదు."

"ఆవిడకు ఇంగ్లిషు రాదు. సరిపోయింది" అంది గ్లెనిస్, టీ గుటక వేసి మొహం చిట్లిస్తూ.

ఆ విధంగా మంగళవారం పొద్దున మనస్విని ఫెయిర్‌ఫీల్డ్‌ అనే పేటలో ఒక చెక్క ఇంటి ముందు నిలబడింది. తలుపు తీసినది కూతురు లూస్ మరీనా. అప్పటికే కోటు తొడుక్కుని ఉంది. మోటెల్ గదులు శుభ్రం చేసే పని ఆవిడది, ఆలస్యమైతే ఊరుకోరు. వచ్చిన నాలుగు ఇంగ్లిషు ముక్కల్లోనే గడగడా చెప్పేసింది: "అమ్మ లోపల. అమ్మ మంచిది. అమ్మ మొండిది. థాంక్యూ." అంతే, వీధి మలుపు తిరిగి పొగమంచులో కలిసిపోయింది.

లోపల వంటింటి బల్ల దగ్గర ఒక ముసలావిడ నిటారుగా కూర్చుని ఉంది. తెల్ల జుట్టు గట్టిగా వెనక్కి దువ్వి ముడి వేసుకుంది. భుజాల మీద నల్ల శాలువా. వచ్చిన పిల్లని కళ్ళద్దాల పైనుంచి చూసిన తీరుకు మనస్వినికి చెప్పులు బయట విడిచానా లేదా అని అనుమానం వచ్చింది.

"హలో, మిసెస్ హెర్మెలిండా" అంది, గ్లెనిస్ కాగితం మీద రాసిచ్చిన పేరు గుర్తు తెచ్చుకుని.

ముసలావిడ వేలెత్తింది. "నో. ఎర్మెలిందా." తర్వాత గాలిలో వేలితో పెద్ద హెచ్ అక్షరం గీసి, ఆ వేలిని పెదాల మీద పెట్టుకుని "ష్" అంది. రాయడానికే గానీ పలకడానికి లేదని మనస్వినికి అర్థమైంది.

"ఎర్మెలిందా" అంది.

"దోన్యా ఎర్మెలిందా."

"దోన్యా ఎర్మెలిందా" అంది మనస్విని బుద్ధిగా. ఆ ముందు మాట మన 'గారు' లాంటిదని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. అది పెట్టకపోతే కుర్చీ దొరకదని కూడా.

"ముయ్ బియెన్" అని మెచ్చుకుంటూ ఆవిడ కుర్చీ చూపించింది.

తర్వాత తెలిసిన సంగతేమిటంటే, దోన్యా ఎర్మెలిందా కొలంబియాలో ఒక నది ఒడ్డు ఊళ్ళో జీవితమంతా పంతులమ్మ. ఆ ఊరి మీద తుపాకులవాళ్ళు పడి బడిని మూయించారు. తల్లీ కూతుళ్ళు ఇల్లూ వాకిలీ వదిలేసి సరిహద్దు దాటి, పక్క దేశంలో కొన్నేళ్ళు తలదాచుకుని, అక్కణ్ణుంచి న్యూజిలాండ్ వచ్చారు. ఇన్నేళ్ళు పిల్లల చేత అక్షరాలు దిద్దించిన మనిషిని ఇప్పుడు బెంచీ మీద కూర్చోబెట్టి "ఏ ఫర్ ఆపిల్" చెప్పించుకోమంటే ఆవిడకు ప్రాణం పోయినంత పనైంది. ఇంగ్లిషు క్లాసుకు వెళ్ళనన్నది అందుకే. కానీ చదువు చెప్పడమనే అలవాటు ఎక్కడికి పోతుంది? ఎవరో ఒకరు దొరకాలి. దొరికింది.

మనస్విని తన సంచీలోంచి బొమ్మల పుస్తకం తీసి "దిస్ ఈజ్ ఎ టేబుల్" అని మొదలుపెట్టింది. ఆవిడ ఆ పుస్తకాన్ని మెల్లగా మూసి పక్కన పెట్టి, బల్ల మీద వేళ్ళతో కొట్టి, "మేసా" అంది.

"మేజా!" అంది మనస్విని ఎగిరి గంతేసినట్టు. వాళ్ళ తాతయ్య బల్లను మేజా అనేవాడు.

"మేసా. ఓత్ర వెస్." మళ్ళీ చెప్పు అన్నమాట.

"మేసా."

అంతలో పొయ్యి మీద కాఫీ పొంగి చుస్సుమంది. దోన్యా ఎర్మెలిందా ఒక్క ఉదుటున లేచి, గిన్నె దించి, నుదురు కొట్టుకుంటూ "ఆయ్, కె బుర్రా!" అంది. మనస్విని ఆశ్చర్యానికి అంతులేదు. మేజా ఒక్కటే కాదు, బుర్ర కూడా! భూమికి ఆ చివర ఊళ్ళోంచి వచ్చిన ముసలావిడ అచ్చం జగిత్యాల అమ్మమ్మలా బుర్ర కొట్టుకుని బుర్ర అంటోంది. ఆ మాటను అక్కడికక్కడే మనసులో భద్రంగా దాచుకుంది.

పాలు లేని ఆ నల్ల కాఫీ తాగాక ఇద్దరూ పెరట్లోకి వెళ్ళి ఉతికిన బట్టలు ఆరేశారు. ఎండ పేరుకే వచ్చింది. గొడుగులా గుండ్రంగా తిరిగే దండెం మీద ఆవిడ ఒక్కో బట్ట వేస్తూ పేరు చెప్పింది. చొక్కా కమీసా. గుండీ బొతోన్. తువ్వాలు తొవాయా. కమీజు, బొత్తాం, తువ్వాలు అనుకుంటూ మనస్విని క్లిప్పులు అందిస్తోంది. ఇక స్పానిష్ నేర్చుకోవడమంటే ఇంట్లో పోయిన వస్తువులు వెతుక్కోవడమే అనిపించింది. ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆ అమ్మాయి నోరు ఆగలేదు.

"ఆంటీ, స్పానిష్ అల్కగ ఒస్తది ఆంటీ! అన్నీ మన మాటలే!"

"నువ్వు వెళ్ళింది ఇంగ్లిషు నేర్పడానికి కదుటే?" అంది సరోజిని.

"గది ఎల్లుండి."

గురువారం మనస్విని వెళ్ళేసరికి దోన్యా ఎర్మెలిందా తలంటి పోసుకుని, హీటర్ దగ్గర కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. నడుము దాకా తెల్లగా, వెండి దారాల్లా ఉంది జుట్టు. అంత అందమైన తల చూసి ఊరుకోవడం మనస్విని వల్ల కాలేదు. వచ్చిన స్పానిష్ అంతా కూడగట్టుకుంది. బోనీతా అంటే అందమైనది, మంగళవారమే నేర్చుకుంది. ఇక తలకు మాట ఉండనే ఉంది. ఆవిడ తల వైపు రెండు చేతులూ చాపి, నవ్వుతూ, స్పష్టంగా అంది:

"దోన్యా ఎర్మెలిందా! బుర్రా బోనీతా!"

దువ్వెన ఆగిపోయింది. దోన్యా ఎర్మెలిందా మొహంలో రంగులు మారాయి. ఆవిడ లేచి, శాలువా సర్దుకుని, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మనస్విని ఆ తలుపు వైపు రెండడుగులు వేసి ఆగింది. వెళ్ళిపోదామంటే మనిషిని ఒంటరిగా వదిలి వెళ్ళినట్టు అవుతుంది. ఉందామంటే ఆ మూసిన తలుపు భయపెడుతోంది. తలుపు దగ్గరికి వెళ్ళి "సారీ" అంది. "ఏమైంది దోన్యా?" అని తెలుగులో కూడా అడిగి చూసింది. చివరికి గ్లెనిస్‌కు ఫోన్ చేసి, నా వల్ల కాదు, ఇంకెవరినైనా పంపండి అని చెబుదామని సెల్ తీసేసరికి లూస్ మరీనా పని నుంచి వచ్చింది.

"ఏమైంది? అమ్మ ఏది?"

"నేను... ఆమె తల బాగుందన్న. గంతే" అని ఇంగ్లిషులో ఎలాగో చెప్పుకుంది మనస్విని, దాదాపు ఏడుస్తూ.

"ఏమన్నావు? స్పానిష్‌లో చెప్పు."

మనస్విని చెప్పింది. లూస్ మరీనా తన చెవులను తానే నమ్మనట్టు ఒకసారి చూసింది. తర్వాత గోడకు ఆనుకుంది. తర్వాత ఆ గోడ వెంబడే జారి నేల మీద కూర్చుని, కోటు మొహానికి అడ్డం పెట్టుకుని, ఊపిరాడకుండా నవ్వింది. కాసేపటికి తేరుకుని, రెండు చేతులూ చెవుల పక్కన నిక్కించి పెట్టి, గట్టిగా ఓండ్ర పెట్టి చూపించింది.

గాడిద! బుర్రా అంటే ఆడ గాడిద. కాఫీ పొంగినప్పుడు ఆవిడ తనను తాను తిట్టుకున్నది అదన్నమాట. మనస్విని వారం తిరక్కుండానే, గౌరవనీయురాలైన ఒక ఉపాధ్యాయురాలి ఎదురుగా నిలబడి, "గాడిదమ్మా, ఎంత ముద్దుగా ఉన్నావు" అని చేతులు చాపింది.

"అయ్యో! మా భాషల బుర్ర అంటే తల! తల!" అని మనస్విని తల పట్టుకుని చూపిస్తుంటే, లూస్ మరీనా ఆ మాటను మూసిన తలుపు వైపు తిరిగి స్పానిష్‌లో కేకేసి చెప్పింది. తర్వాత గడియ తీసిన చప్పుడు. దోన్యా ఎర్మెలిందా గుమ్మంలో నిలబడి, జుట్టు ముందుకు వేసుకుని, ఇద్దరినీ కళ్ళద్దాల పైనుంచి చూసింది. తర్వాత చాలా గంభీరంగా ఏదో అంది. లూస్ మరీనా మళ్ళీ నవ్వు ఆపుకోలేక అనువాదం చేసింది.

"'ఇరవై ఏళ్ళుగా నన్నెవరూ బోనీతా అనలేదు. అన్నదాన్ని తరిమేస్తే మళ్ళీ ఎవరంటారు' అంటోంది."

ఆ మాటతో ముగ్గురూ బల్ల దగ్గర చేరారు. మిహా, మిహా అంటూ ఆవిడ మనస్విని చెంప నిమిరింది. మిహా అంటే నా బిడ్డా అని. జగిత్యాలలో దారిన పోయే ముసలమ్మ కూడా బిడ్డా అనే పిలుస్తుంది. దేశం దాటాక ఆ పిలుపు మనస్వినికి వినపడటం అదే మొదలు. కాసేపు కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చుంది.

ఆ రోజే ఇంకో సంగతి బయటపడింది. పొయ్యి పక్కన ఒక పెనం నిండా తెల్లటి జిగురు పదార్థం గడ్డకట్టి ఉంది. ఇదేమిటని అడిగితే లూస్ మరీనా నిట్టూర్చింది. వాళ్ళ దేశంలో పొద్దున్నే అరేపా తినకపోతే పొద్దు పొడిచినట్టు కాదట. మొక్కజొన్న పిండిని, మనస్విని మాటలో మక్క పిండిని, ముద్ద చేసి, అరచేతుల మధ్య తట్టి, పెనం మీద కాల్చే రొట్టె. సూపర్ మార్కెట్‌లో కార్న్‌ఫ్లోర్ అని డబ్బా మీద కనిపిస్తే మక్క పిండే అనుకుని తెచ్చారు. నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టగానే అది గోడకు పోస్టర్లు అంటించుకునే గంజి అయి కూర్చుంది. అమ్మ అప్పట్నుంచీ పొద్దున ఏమీ తినడం లేదు, కాఫీతో సరిపెడుతోంది.

"మక్క రొట్టె!" అంది మనస్విని. "మా అమ్మమ్మ గదే చేస్తది! మక్క పిండి నాకు తెల్సు ఏడ దొర్కుతదో!"

డిన్స్‌డేల్‌లో ఇండియన్ దుకాణం ఉంది. పసుపు సంచుల పక్కన మక్క పిండి ఉండటం మనస్విని కళ్ళారా చూసింది. అయితే అక్కడికి ఎప్పుడు వెళ్ళినా సరోజిని ఆంటీ కారులోనే వెళ్ళింది. బస్సులో ఎలా వెళ్ళాలో ఆ అమ్మాయికి బొత్తిగా తెలియదు. అయినా వాలంటీరు చేయాల్సిన పనుల్లో బస్సెక్కించడం ఒకటి కదా. వచ్చే మంగళవారం బస్సులో పోదాం అనేసింది. దోన్యా ఎర్మెలిందా కిటికీలోంచి వీధిని చాలాసేపు చూసి, సరేనంది. ఇంటికొచ్చిన ఇన్ని నెలల్లో ఆవిడ బయటికి వస్తాననడం అదే మొదటిసారి అని లూస్ మరీనా కళ్ళు పెద్దవి చేసింది.

మంగళవారం ఆవిడ ముత్యాల కమ్మలు పెట్టుకుని, బూట్లు తుడుచుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని సిద్ధంగా ఉంది. ఊరిని గుండ్రంగా చుట్టివచ్చే బస్సు ఒకటుందని మనస్విని తెలుసుకుంది. కానీ ఆ గుండ్రం చుట్టూ బస్సులు రెండు వైపులా తిరుగుతాయని తెలుసుకోలేదు. వచ్చిన బస్సు ఎక్కేశారు. దోన్యా ఎర్మెలిందా కిటికీ పక్కన కూర్చుని, సంచీని రెండు చేతులతో పట్టుకుంది. మలుపు తిరిగినప్పుడల్లా ఆవిడ వేళ్ళు బిగుసుకుంటున్నాయి.

కాసేపటికి కిటికీలోంచి మనస్వినికి తన యూనివర్సిటీ కనిపించింది. ఇది దుకాణం వైపు కాదు, పూర్తిగా ఎదురు దిక్కు!

ఆ అమ్మాయి మొహం చూసి దోన్యా ఎర్మెలిందాకు అర్థమైపోయింది. పిల్ల తప్పిపోయింది. తనకు దారి చూపించడానికి వచ్చిన పిల్ల తనకన్నా ఎక్కువ బెదిరిపోయింది. ఆవిడ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత సంచీ మనస్విని ఒళ్ళో పడేసి, కడ్డీ పట్టుకుని లేచి, తూలుతూ డ్రైవర్ దగ్గరికి వెళ్ళి నిలబడింది. గొంతు సవరించుకుని, బడిలో హాజరు పిలిచినంత బిగ్గరగా, ఇంగ్లిషులో అంది:

"ప్లీజ్! కార్న్! ఇండియా! వేర్?"

బస్సంతా ఆవిడ వైపు తిరిగింది. డ్రైవర్ అద్దంలోంచి చూసి, "ఇండియా అయితే చాలా దూరమండీ" అన్నాడు. నవ్వుల మధ్య మనస్విని పరిగెత్తుకొచ్చి, డిన్స్‌డేల్‌లో ఇండియన్ దుకాణం అని నసిగింది. వెనక సీట్లోని, ఆ దేశపు మూలవాసి అయిన మావోరీ పెద్దమనిషి ఒకాయన, కొండంత మనిషి, లేచి వచ్చి ముసలావిడకు చేయి అందించాడు.

"కూర్చో ఆంటీ. ఇది గుండ్రంగా తిరిగే బస్సు. అటు ఎక్కినా వస్తుంది, ఇటు ఎక్కినా వస్తుంది. మీకు ఊరంతా చూసే భాగ్యం కలిగింది, అంతే తేడా. నేను చెప్తాలే ఎక్కడ దిగాలో."

తెల్లజుట్టు ఆయన ముసలావిడను ఆంటీ అని పిలవడం మనస్వినికి వింతగా అనిపించింది. ఆంటీ అంటే ఏమిటని దోన్యా ఎర్మెలిందా కళ్ళతో అడిగితే "తీయా" అని చెప్పింది. ఆ మాట ఎప్పుడు నేర్చుకుందో తనకే తెలియదు. ఆవిడ ఆ పెద్దమనిషిని ఎగాదిగా చూసి, ఇంత పెద్ద అక్కకొడుకు దొరికినందుకు తృప్తి పడ్డట్టు తలాడించింది.

ఇక భయం పోయింది. మిగిలిన దారంతా ఆవిడ కిటికీలోంచి వేలు చూపిస్తూనే ఉంది. ఒక్కో వస్తువుకూ ఆయన ఇంగ్లిషు చెబుతున్నాడు, ఆవిడ స్పానిష్ చెబుతోంది, మనస్విని తెలుగు చెబుతోంది. ఆసుపత్రి రాగానే ముగ్గురికీ హాస్పిటల్ అనే ఒకే మాట దొరికింది, కాకపోతే ఆవిడ దగ్గర హెచ్ పలకదు. ఆయన దిగాల్సిన స్టాపు ఎప్పుడో దాటిపోయింది. ఆయన దిగలేదు. డిన్స్‌డేల్‌లో వాళ్ళను దింపి, దుకాణం చూపించి, అప్పుడు అవతలి వైపు బస్సు కోసం రోడ్డు దాటాడు.

మక్క పిండి ప్యాకెట్టు చేతికి రాగానే దోన్యా ఎర్మెలిందా దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. రెండు ప్యాకెట్లు తీసుకుంది.

ఇంటికి చేరాక అసలు యుద్ధం మొదలైంది. పిండిలో చన్నీళ్ళు పోయాలని ఆవిడ, మసిలే నీళ్ళు పోస్తేనే విరగదని ఈ అమ్మాయి. ఇద్దరికీ ఉమ్మడిగా పాతిక స్పానిష్ మాటలూ పది ఇంగ్లిషు మాటలూ ఉన్నాయి, పోట్లాటకు అవి చాలు. చివరికి ముద్దను రెండుగా పంచుకున్నారు. చన్నీళ్ళ ముద్ద పగుళ్ళు వేసింది. దోన్యా ఎర్మెలిందా దాన్ని పక్కకు తోసి, మనస్విని ముద్దలోంచి సగం మారు మాట లేకుండా తీసుకుంది. మనస్విని అమ్మమ్మ తట్టినట్టు పల్చగా, చేటంత రొట్టె చేసింది. ఆవిడ అరచేతంత వెడల్పున, మందంగా చేసి, మధ్యలో జున్నులాంటి చీజు పెట్టింది. ఒకే పెనం మీద రెండూ పక్కపక్కనే కాలాయి.

లూస్ మరీనా తలుపు తీసుకుని వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయి, గాలి పీల్చింది. కోటు విప్పలేదు. ఒక కాలికి బూటు ఉంది, రెండోది చేతిలో ఉంది. అలాగే పెనం దగ్గరికి వచ్చి, వేడి వేడి అరేపా ఒకటి ఊదుకుంటూ నిలబడే తినేసింది. రెండోది తినేటప్పుడు కళ్ళు తుడుచుకుంది. మూడోదానికి మనస్విని చేసిన పల్చటి రొట్టె తీసుకుని, ఇది కూడా బాగుంది కానీ ఆకలి తీరేలోపు అయిపోతోందని చెప్పింది.

"నా శిష్యురాలు చేసింది" అంది దోన్యా ఎర్మెలిందా ఠీవిగా. ఆ వాక్యం మనస్వినికి అనువాదం అక్కర్లేకుండానే అర్థమైంది.

వారం చివర్లో గ్లెనిస్ ఫోన్ చేసింది. దోన్యా ఎర్మెలిందాకు ఇంగ్లిషు ఎంతవరకు వచ్చిందని అడిగింది. మనస్విని నిజమే చెప్పింది: ఆవిడకు కొంచెం వచ్చింది, తనకు స్పానిష్ చాలా వచ్చింది, ఇలా అయితే తనను మార్చేస్తారేమో తెలియదు.

"ఆవిడ నిన్న మా ఆఫీసుకు వచ్చింది" అంది గ్లెనిస్. "ఒక్కతే. బస్సులో. ఇంగ్లిషు క్లాసు ఏ రోజని అడిగింది. ఎలా మార్చమంటావు నిన్ను?"

క్లాసు మొదటి రోజున మనస్విని తోడు వెళ్ళింది. గేటు దగ్గర దోన్యా ఎర్మెలిందా ఆగి, మనస్విని మణికట్టు పట్టుకుంది. పట్టు గట్టిగా ఉంది. లోపల రకరకాల దేశాల వాళ్ళు కుర్చీలు లాక్కుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"నేను గూడ వచ్చి పక్కన కూసుంటా?" అని సైగలతో అడిగింది మనస్విని.

"నో, మిహా." ఆవిడ చేయి వదిలి, శాలువా సర్దుకుంది. "నీ క్లాసుకు నువ్వు పో" అన్నట్టు యూనివర్సిటీ వైపు వేలు చూపించి, లోపలికి నడిచింది.

మనస్విని వెంటనే కదలలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి తొంగి చూసింది. దోన్యా ఎర్మెలిందా సరాసరి ముందు వరసలోకి వెళ్ళి, నిటారుగా కూర్చుంది. పెన్సిలు తీసి బల్ల మీద సరిగ్గా నిలువుగా పెట్టుకుంది. టీచరు, చిన్న వయసు అమ్మాయి, బోర్డు మీద ఏదో రాస్తోంది. వెనక వరసలో ఇద్దరు మగవాళ్ళు గట్టిగా కబుర్లు చెప్పుకుంటున్నారు. దోన్యా ఎర్మెలిందా కుర్చీలో మెల్లగా వెనక్కి తిరిగి, కళ్ళద్దాల పైనుంచి వాళ్ళను ఒక్క చూపు చూసింది.

ఇద్దరూ టక్కున నోరు మూసుకుని, చేతులు కట్టుకున్నారు.